అంచులో బరువు

నా నోట్లో నువ్వుగింజ నానదని మా వీధిలో పేరు. ఎవరింట్లో ఏం జరిగినా ముందు నా కుట్టు మిషను దగ్గర తెలుస్తుందని, అక్కణ్ణించి వీధి చివరిదాకా పాకుతుందని అంటారు. అందులో అబద్ధమేమీ లేదు. అలాంటిదాన్ని, ఆ వేసవిలో ఒక్క విషయాన్ని మాత్రం దాదాపు రెండు నెలలు కడుపులో దాచుకున్నాను. నా జన్మలో దాచకూడని విషయం ఏదైనా ఉంటే అదే.

వేసవి అంటే అందరికీ సెలవులు, నాకు బడి బట్టల కాలం. తల్లులు పిల్లల్ని లాక్కొచ్చి మిషను ముందు నిలబెడతారు. మెడలోంచి టేపు తీసి భుజం, ఛాతీ, చెయ్యి కొలిచి పుస్తకంలో రాసుకుంటాను. ఏ తల్లైనా చెప్పేది ఒకే మాట. "ఎదిగే పిల్ల, కాస్త లూజుగా కుట్టండి." సరేనని కుట్టు లోపల రెండు వేళ్ళ గుడ్డ వదులుతాను. మరుసటేడు విప్పి పెద్దది చెయ్యొచ్చు. ముప్పై ఏళ్ళుగా పిల్లల బట్టలు విప్పి పెంచడమే తప్ప, లోపలికి పట్టి తగ్గించడం నేను ఎరగను.

ఆ ఏడాది నా మనవరాలి బట్టలు తగ్గించాను.

దానికి ఏడేళ్ళు. పుట్టినప్పుడు గుండ్రంగా ఉందని గుమ్మడి అని పిలిచేవాళ్ళం, అదే ఖాయమైపోయింది. నా టేపు పట్టుకుని ఒకటి నుంచి అరవై దాకా అంకెలు నేర్చుకుంది, బడికి వెళ్ళకముందే. చలికాలం చివర్లో దాని కడుపులో గడ్డ బయటపడింది. మూత్రపిండం మీద పుట్టిన క్యాన్సరు. పిల్లల్లో నయమయ్యే రకమేనని పెద్ద డాక్టరు ధైర్యం చెప్పాడు. ముందు మందులెక్కించి గడ్డని చిన్నది చేస్తారు, వేసవిలో ఆపరేషన్ చేసి తీసేస్తారు. అప్పటిదాకా పిల్లలో సత్తువ పోకుండా చూసుకోవడం మా పని. మా అమ్మాయికి బస్సు డిపోలో టికెట్ల కౌంటరు ఉద్యోగం. అల్లుడు లారీ నడుపుతాడు, పది రోజులకోసారి ఇంటి మొహం చూస్తాడు. కాబట్టి ఇంట్లో తిండీ, వారం వారం ఆసుపత్రీ నా చేతికొచ్చాయి.

మందులు మొదలైన నెలకే దాని గౌన్లు భుజాల మీంచి జారడం మొదలెట్టాయి. నేను ఊరుకుంటానా? రెండు పక్కలా పట్టేశాను. ఛాతీ మీద కుచ్చులు పెట్టాను. మోచేతి పైన ఎముక కనబడకుండా బుట్టచేతులు కుట్టాను. నా పనితనం అంతా చూపించాను. సాయంత్రం మా అమ్మాయి డిపో నుంచి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా కూతుర్ని ముందుకీ వెనక్కీ తిప్పి చూసేది.

"పర్లేదు కదమ్మా? ఏమంత తగ్గలేదు కదా?"

"ఏం తగ్గలేదు. బాగానే ఉంది," అనేదాన్ని.

నా కొలతల పుస్తకంలో మాత్రం దాని చెయ్యి చుట్టుకొలత మొదట ఆరున్నర అంగుళాలు. తర్వాత ఆరు. ఆ తర్వాత ఐదు ముప్పావు. ఆ వరస రాసిందీ నేనే, బాగానే ఉందన్నదీ నేనే. కంచే చేను మేయడం అంటే ఇదే కాబోలు.

తిండి సంగతి చెప్పాలంటే ఇప్పటికీ ఒళ్ళు ముడుచుకుపోతుంది. నోరంతా పుళ్ళు. నీళ్ళు తాగినా మండేది. జావ కాచి, చల్లార్చి, చెంచాతో పట్టుకుని గంటసేపు కూర్చునేదాన్ని.

"ఒక్క చెంచా, నా బంగారు గుమ్మడివి కదూ."

"ఇనుము వాసనొస్తోంది అమ్మమ్మా."

"జావలో ఇనుమెక్కడిదే? నేనేమైనా కత్తెర కడిగి పోశానా?"

అది నవ్వబోయి, పెదవి చిట్లి, ఏడ్చేది. గుడ్డు వాసనకే వాంతి. పాలు సగం గ్లాసు తాగితే ముప్పావు గ్లాసు బయటికొచ్చేవి. బట్టలు కుట్టించుకోడానికొచ్చిన ఒకావిడ, "మరీ బలవంతంగా పెట్టకండి, మనం పెట్టే తిండి ఆ గడ్డే తింటుంది," అని చెప్పి పోయింది. నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు కాస్త హాయిగా కూడా అనిపించింది. పెట్టకపోయినా తప్పు లేదని ఎవరో ఒకరు అన్నారు కదా అని.

ఆసుపత్రిలో పిల్లల తిండి సంగతి చూసే అమ్మాయి ఒకామె ఉండేది. పిల్లలంతా ఆమెని టేపు అక్క అనేవాళ్ళు. జేబులో ఎప్పుడూ సన్నటి కాగితం టేపు. దాని మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు. నాదీ ఆమెదీ ఒకే సరంజామా అని మొదట్లో వేళాకోళం చేసేదాన్ని. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. పిల్లని కాటా ఎక్కించి, అంతటితో ఊరుకోక చెయ్యి కూడా కొలిచేది.

"కాటా చూశాక మళ్ళీ చెయ్యెందుకమ్మా?" అని అడిగాను.

"కడుపులో గడ్డ ఉంది కదండీ. దాని బరువు కూడా కాటా మీద తూగుతుంది. పిల్ల చిక్కిపోతున్నా అంకె బాగానే కనబడుతుంది. చెయ్యి మాత్రం ఉన్నదున్నట్టు చెప్తుంది."

ఆ రోజు టేపు పసుపు మీంచి ఎరుపు అంచుకి జరిగింది. కాటా పదిహేడున్నర కిలోలు చూపించింది. ఆమె నా పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పింది. "పదిహేడుకి దిగిందంటే ఇంక ఆగొద్దు. ముక్కులోంచి సన్న గొట్టం వేద్దాం. నోటితో తిన్నంత తింటుంది, మిగతాది గొట్టంలోంచి పోద్దాం. బలం లేకపోతే మందులూ తట్టుకోలేదు, ఆపరేషనూ చెయ్యలేరు. నేను ఒక నెల సెలవు మీద వెళ్తున్నా, చెల్లెలి కాన్పు. కాటా నర్సుకి అన్నీ చెప్పి వెళ్తాను."

గుమ్మడి అంతా వింది. పక్క మంచం మీద పిల్లాడికి అంతకుముందే గొట్టం వేశారు. వాడు కక్కుకోవడం, వాళ్ళ నాన్న చేతులు పట్టుకోవడం తెర సందులోంచి చూసింది. బస్సులో ఇంటికొస్తూ నా మోచెయ్యి రెండు చేతులతో పట్టుకుంది.

"అమ్మమ్మా, నాకది వద్దు. ఇవాళ్టి నుంచి తింటా. నీ మీద ఒట్టు."

ఇంటికి రాగానే నిజంగానే తింది. అరటిపండు సగం, కళ్ళు గట్టిగా మూసుకుని, ఊపిరి బిగబట్టి. అర నిమిషం నన్ను చూసి నవ్వింది. తర్వాత మొత్తం నా ఒళ్ళోనే కక్కేసింది. అప్పుడు అది ఏడవలేదు, "సారీ" అంది. ఆ మాటకే నా బుద్ధి గడ్డి తిన్నది.

నేను బడి బట్టలే కాదు, హోటళ్ళకి తలుపు తెరలు కూడా కుడతాను. గాలికి ఎగరకుండా తెర అంచులో సీసం బిళ్ళలు వేస్తారు. బొత్తాం కంటే పెద్దవి, చూడ్డానికి చిన్నవే గానీ చేతిలోకి తీసుకుంటే చెయ్యి వాలుతుంది. ఒక మధ్యాహ్నం కొలతలకి ఎవరూ రాని వేళ చూసి, దాని నీలం గౌను అంచు విప్పాను. ఒక్కో బిళ్ళకి ఒక్కో చిన్న గది కుట్టి, పన్నెండు బిళ్ళలు పెట్టి, పైన చేతికుట్టు వేశాను. ఒకదానికొకటి తగలదు, చప్పుడు రాదు. ముప్పై ఏళ్ళలో అంత శుభ్రంగా ఏ అంచూ కుట్టలేదు.

అది పక్కనే కూర్చుని దారం కండె పట్టుకుంది.

"ఇది మనిద్దరి మధ్యే. అమ్మకి కూడా చెప్పొద్దు," అన్నాను.

"నాకు తెలుసులే. నీకే నోరాగదు," అంది.

ఎవరైనా అడగొచ్చు, అంత పెద్దదానివి, నీకు బుద్ధి లేదా అని. నేనూ అడుగుతూనే ఉన్నాను. అప్పుడు నాకు తోచింది ఇది. ముందు లూజు వదిలి పెడతాం, పిల్ల ఎదిగి దాన్ని నింపుతుంది. నేను బతుకంతా చేసింది అదే. రెండు వారాలు గొట్టం తప్పిస్తే పుళ్ళు మానతాయి, నాలుగు ముద్దలు దిగుతాయి, అసలు బరువు పెరిగిన కొద్దీ ఒక్కో బిళ్ళా తీసేస్తాను అనుకున్నాను. బడి గౌనులో వదిలిన రెండు వేళ్ళ గుడ్డలాంటిదే ఇదీ అనుకున్నాను.

కాటా నర్సు మంచిది, పని ఎక్కువ. చెప్పులు విప్పించి పిల్లని ఎక్కించింది. పదిహేడూ ఎనిమిది వందలు. "అబ్బో, పెరిగావే!" అని బుగ్గ పుణికింది. గుమ్మడి నా వైపు చూడలేదు. తెలివైన పిల్ల, అసలు నా వైపే చూడలేదు.

ఆ సాయంత్రం మా అమ్మాయికి అంకె చెప్పాను. అది వంటింటి గుమ్మంలో అలాగే కూలబడి, మొహం చేతుల్లో పెట్టుకుని ఏడ్చి, తర్వాత నవ్వింది. చలికాలం తర్వాత దాని నవ్వు చూడటం అదే మొదలు. లేచి వచ్చి నన్ను వాటేసుకుని, "నువ్వు లేకపోతే నేనేమైపోయేదాన్నమ్మా," అంది. నేను దాని వీపు నిమిరాను. ఆ నిమిరిన చెయ్యిని ఏం చేసుకోవాలో ఇప్పటికీ తెలియదు నాకు.

తీస్తాననుకున్న బిళ్ళలు తీయలేదు. పన్నెండు ఇరవై అయ్యాయి. ఇరవై ఇరవై ఎనిమిది అయ్యాయి. అంచు చాలక నడుం పట్టీలో కూడా కుట్టాను. మధ్యలో ఒకసారి మందులెక్కించారు. ఆ తర్వాత పుళ్ళు గొంతులోకి దిగాయి, జ్వరం వచ్చింది, నాలుగు రోజులు వార్డులో ఉన్నాం. పిల్ల ఆ గౌను వేసుకుని మెట్లెక్కలేక మధ్యలో కూర్చుండిపోయేది. "బరువుగా ఉంది అమ్మమ్మా," అనేది. "కాసేపే, కాటా దిగాక మార్చేస్తా," అనేదాన్ని. సిగ్గులేని నోరు.

టేపు అక్క సెలవు అయిపోయి వచ్చింది. ఆ రోజు ఆపరేషన్ తారీఖు చెప్తారని మా అమ్మాయి కూడా డిపోలో సెలవు పెట్టి వచ్చింది. కాటా పదిహేడూ ఏడు వందలు అంది. టేపు అక్క కాగితంలో పాత అంకెలు చూసి తలూపింది. తర్వాత బుట్టచెయ్యి పైకి జరిపి, జేబులోంచి టేపు తీసి చుట్టింది. మళ్ళీ విప్పి మళ్ళీ చుట్టింది. నేను దూరంనుంచే చూశాను. నా కంటి లెక్కలో ఐదుంబావు అంగుళాలు. టేపు ఎరుపులో లోపలికి పోయింది.

ఆమె గుమ్మడి వైపు వంగింది. "నాన్నా, ఈ గౌను తీసి ఆసుపత్రి చొక్కా వేసుకుందామా? ఇంకోసారి కాటా ఎక్కుదాం," అంది. కాటా పదహారూ ఆరు వందలు చూపించింది. ఆమె మడిచిపెట్టిన గౌను చేతిలోకి తీసుకుంది. గౌను చెయ్యి జారి అంచువైపు కిందికి వాలింది. వేళ్ళతో అంచంతా తడుముతూ పోయి ఒకచోట ఆగింది.

"ఇవేంటమ్మా?" అంది, ఎవర్ని అడుగుతున్నదీ తెలియకుండా.

మా అమ్మాయి నా వైపు తిరిగింది. నేను నోరు తెరిచేలోపు గుమ్మడి అంది.

"నేనే పెట్టుకున్నా. అమ్మమ్మ డబ్బాలోంచి తీసి. గొట్టం వద్దని."

తేలు కుట్టిన దొంగ అరవడంటారు. నన్నే తేలూ కుట్టలేదు, నేనే కుట్టాను, అయినా అరవలేదు. మిషను దగ్గర నోట్లో గుండుసూదులు పట్టుకుని పనిచేసేటప్పుడు గంటసేపు మాట్లాడకుండా ఉండటం నాకు అలవాటే. ఆ రోజు నోట్లో ఒక్క సూది కూడా లేదు. మా అమ్మాయి కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "అబద్ధమాడతావా నాతో? ఇంత అబద్ధమా?" అని భుజాలు పట్టుకుని ఊపింది. ఎముకల మీద ఆసుపత్రి చొక్కా అటూ ఇటూ కదిలింది. పిల్ల తల దించుకుని, "ఇంకెప్పుడూ చెయ్యనమ్మా," అంది. నేను గోడకానుకుని నిలబడ్డాను.

ఆపరేషన్ వాయిదా వేశారు. ఈ బరువుతో కోత పెడితే మానదని పెద్ద డాక్టరు చెప్పాడు. మందు మోతాదు కూడా బరువుని బట్టే కడతారట, కాగితాల మీద అన్ని వారాల అంకెలూ కొట్టేసి కొత్తగా రాశారు. ఆ జ్వరం, గొంతులో పుళ్ళు నా బిళ్ళల వల్లేనని ఎవరూ అనలేదు. కాదని కూడా అనలేదు.

గొట్టం వేసేటప్పుడు ఎన్ని నిమిషాలు ఏడ్చిందో తెలుసా? నాలుగు. తెర ఇవతల నిలబడి గోడ గడియారం చూశాను. మూడోనాటికి దాని ముక్కు మీద అంటించిన పట్టీకి పువ్వు బొమ్మ గీయమని టేపు అక్కని అడుగుతోంది. దానికోసమా నేను నాలుగు వారాలు పిల్ల ఒంట్లో సత్తువ కాజేసింది! రోజుకి ఆరుసార్లు గొట్టంలో పాలు పోసేదాన్ని. పైనుంచి తెల్లగా దిగుతుంటే అది వేలుతో కడుపు చూపించి, "ఇదిగో, ఇప్పుడొచ్చింది, చల్లగా ఉంది," అని చెప్పేది.

అలా ఒక వారం గడిచాక, బొత్తాం కోసం డబ్బా తెరిస్తే సీసం బిళ్ళలు కనిపించాయి. శుభ్రంగా కడిగి, చిన్న గుడ్డలో మూటకట్టి ఉన్నాయి. లెక్కపెట్టాను, ఇరవై ఎనిమిది. నీలం గౌను అంచు విప్పి ఇస్త్రీ చేసి అల్మారాలో ఉంది. మా అమ్మాయి నాతో ఏమీ అనలేదు. నాకు అన్నం వడ్డించింది, మందులు ఎన్నింటికి వెయ్యాలో చెప్పింది, డిపోకి వెళ్ళింది. నేనూ ఏమీ అనలేదు. ఇంకో మూడు వారాలు ఒకే ఇంట్లో అలా తిరిగాం. ఆ మూటని నేను డబ్బాలో ఇంకా అడుక్కి తోసేశాను.

చివరికి ఒక ఆదివారం పొద్దున మా అమ్మాయి బట్టలు ఆరేస్తుంటే వెనక నిలబడి చెప్పాను. "ఆ పని నాదే," అన్నాను.

అది వెనక్కి తిరగలేదు. "నాకు తెలుసు. నీది ఎడమచేతి వాటం. నీ కుట్టు ఎటు వాలుతుందో చిన్నప్పట్నుంచీ చూస్తున్నా. అంచు చేతిలోకి తీసుకోగానే తెలిసిపోయింది."

"మరి ఇన్నాళ్ళూ..."

"నువ్వే చెప్తావని చూశా," అంది. తడి చొక్కా దులిపి తీగ మీద వేసింది. "అయినా నాకు చెప్పడం కాదమ్మా. ఆ వార్డులో అందరిముందూ అబద్ధాలకోరు అనిపించుకుంది అది. నేనే అన్నాను. అక్కడ చెప్పు, దాని ముందు."

మర్నాడు వెళ్ళి చెప్పాను. కాటా పక్కనే నిలబడి, నర్సు వింటుండగా, టేపు అక్కతో చెప్పాను. ఆమె టేపుని వేలికి చుట్టుకుంది. "ఏడేళ్ళ పిల్ల అంత బాగా కుట్టలేదు కదండీ," అంది. అంటే అందరికీ తెలుసు. నేను దాచాననుకున్న రోజుల్లో వాళ్ళంతా నా కోసం ఎదురుచూస్తున్నారు.

గుమ్మడి మొహం మాత్రం తెల్లగా పాలిపోయింది. నా వేలు పట్టుకుని లాగింది.

"అమ్మమ్మా, నేను చెప్పలేదు. నిజంగా నేనెవ్వరికీ చెప్పలేదు."

అంతమంది ముందు నేను ఏడ్చాను. ఎందుకు ఏడుస్తున్నానో దానికి అర్థం కాలేదు. తన అంగీ అంచు పట్టుకుని నా మొహం తుడవబోయింది.

ఆపరేషన్ వేసవి దాటాక జరిగింది. గడ్డ మొత్తం తీసేశామన్నారు, ఇంకొన్నాళ్ళు మందులున్నాయి. బడులు తెరిచి నెల దాటిపోయింది. ఒకరోజు మా అమ్మాయి దాన్ని తెచ్చి మిషను ముందు నిలబెట్టింది. "బడి గౌను కుట్టు. ఎదిగే పిల్ల, లూజుగా కుట్టు," అంది, మామూలు గిరాకీలా. నాతో అది మామూలుగా మాట్లాడి ఎన్నాళ్ళయిందో.

భుజం కొలిచాను, ఛాతీ కొలిచాను. చెయ్యి చుట్టూ టేపు పట్టి, ఆరు అని పుస్తకంలో రాశాను. పిల్ల మెడ సాచి పుస్తకంలోకి చూసింది.

"నిజమే రాశావా?"

"నిజమేనే."

"టేపు ఇటివ్వు."

టేపు ఒక కొస గడ్డం కింద నొక్కిపట్టుకుని, రెండో చేత్తో తన చెయ్యి చుట్టూ తనే చుట్టుకుంది. బిగించి, తల వాల్చి, అంకె దగ్గర వేలు పెట్టి చూసింది.

"ఆరు కాదు. ఆరుకి ఒక గీత తక్కువ," అంది.

కళ్ళజోడు పెట్టుకుని వంగి చూశాను. అది చెప్పిందే నిజం. రాసింది కొట్టేసి, అది పక్కన నిలబడి చూస్తుండగా మళ్ళీ రాశాను.